కంప్యూటరు ఆగినపుడు ముందుగా దానినే అడుగవలెను

సహకార సంఘముల కార్యాలయములలో లెక్కల పుస్తకముల స్థానమును ఇపుడు కంప్యూటరు ఆక్రమించుచున్నది. దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కేంద్ర ప్రభుత్వము 2022 వ సంవత్సరము జూను 29 వ తేదీన ఒక పథకమును ఆమోదించినది. ఆ పథకము ననుసరించియే గాని, అంతకు పూర్వము స్వంత ప్రయత్నముననే గాని కంప్యూటరును తెచ్చుకొనిన సంఘములు నేడు అనేకములు గలవు. వాటా ధనము సభ్యులది. ఆ ధనముతో నడచు యంత్రమును గూర్చి తెలిసికొనుటయు సభ్యుల హక్కే. గుమాస్తా బల్లమీద నున్న ఆ పెట్టె ఆగిపోయిననాడు ఋణముల మంజూరు ఆగును, ఎరువుల బిల్లు ఆగును, ధాన్యము అమ్మిన రైతునకు రావలసిన రశీదు ఆగును. కనుక ఇది కార్యదర్శి యొక్కనికి మాత్రమే సంబంధించిన విషయము కాదు.

ఈ వ్యాసము వ్రాయుటకు మాకు కలిగిన అనుభవమొకటి కారణము. 2024 వ సంవత్సరము జూలై మాసమున, పంట ఋణముల కొరకు సభ్యులు వరుసగా వచ్చుచున్న దినములలో, మా కార్యాలయపు కంప్యూటరు ఒక ఉదయమున తెర చూపుట మానినది. ఫ్యాను తిరుగుచున్నది, దీపము మినుకుమనుచున్నది, తెర మాత్రము నలుపు. పట్నమునకు పంపితిమి. మరమ్మతు చేయువారు రెండుదినములు ఉంచుకొని, మదరుబోర్డు కాలిపోయినదనియు, దానిని మార్చుటకు కొత్త యంత్రపు ధరలో సగమునకు మించి కాగలదనియు చెప్పిరి. పాలకవర్గము కూడి కొత్తది కొనుటకు తీర్మానము కూడ వ్రాసినది. ఇంతలో ఒక సభ్యుని కుమారుడు, పాలిటెక్నిక్కులో చదువుకొనుచున్నవాడు, యంత్రమును వెనుకకు తెప్పించి, ఆ దీపము ఎన్నిసార్లు మినుకుమని ఆగుచున్నదో కాగితముమీద గీతలు పెట్టి లెక్కించి, తయారీదారుల పుస్తకముతో సరిచూచెను. మెమరీ పలక యంత్రమునకు కనబడుటలేదని దాని అర్థము. పలకను ఊడదీసి, అంచులు తుడిచి, గాడిలో గట్టిగా నొక్కగా యంత్రము లేచినది. ఖర్చేమియు లేదు. కాని తొమ్మిది దినములు గడచిపోయినవి. ఆ తొమ్మిది దినములలో విత్తనములకై వడ్డీ వ్యాపారి ఇంటికి పోయిన సభ్యులున్నారు.

మరమ్మతు చేసినవారు మోసగించిరని మేము చెప్పుట లేదు. తొందరలో పొరబడి యుండవచ్చును. యంత్రము మొదటి నిమిషముననే తన జబ్బు పేరు చెప్పుచుండగా, వినవలెనని మాకెవరికిని తెలియకపోవుటయే మా తప్పు.

యంత్రమునకు ఈ మాట యెక్కడిదో ముందుగా చెప్పెదము. సి.పి.యు. పెట్టె అని మనము పిలుచుదానిలో మదరుబోర్డు అను పెద్ద పలక గలదు. దానిమీద నొక చిన్న చిప్పునందు తయారీదారులు ఒక కార్యక్రమమును వ్రాసి యుంచుదురు. కరెంటు తీసివేసినను ఆ వ్రాత చెరగదు. బొత్తాము నొక్కగానే యంత్రము మొట్టమొదట చదువునది విండోసును కాదు, ఈ వ్రాతనే. దీనిని ఫర్మువేరు అందురు. బయాసు అనునది వాడుకలో నున్న పేరు. ఆ పేరును గ్యారీ కిల్డాల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1970 దశకములో తాను నిర్మించిన సి.పి.ఎం. అను వ్యవస్థలో ప్రయోగించెను. 1981 లో వెలువడిన ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు బొత్తాము నొక్కగానే తన అంగములను తాను పరీక్షించుకొని, అంతయు బాగున్నచో ఒక చిన్న కూత కూయుచుండెడిది. నేటి యంత్రములలో పాత బయాసు స్థానమున యు.ఇ.ఎఫ్.ఐ. అను కొత్త పద్ధతి వచ్చినది. దాని నియమములను నిర్ణయించు సంస్థ 2005 లో ఏర్పడినది. పేరు మారినను పని మారలేదు. విండోసును లేపుటకు ముందు ప్రాసెసరు ఉన్నదా, మెమరీ ఉన్నదా, తెరకు బొమ్మ పంపు భాగము పలుకుచున్నదా అని వరుసగా చూచును.

విండోసులో కూడ పరీక్షలున్నవి కదా, వేరుగా ఇది యెందుకని అడుగవచ్చును. సంఘముల లెక్కలను తనిఖీ చేయుటకు ఆడిటరు బయటినుండి వచ్చును గాని, లెక్కలు వ్రాసిన గుమాస్తాయే తనిఖీ చేసికొనడు. విండోసు నివసించునది డిస్కుమీద. అది నడచునది మెమరీలో. ఆ రెండిటిలో నేదియైన చెడినపుడు విండోసు చెప్పు సాక్ష్యమును ఎంతవరకు నమ్మవచ్చును? అసలు విండోసు లేవకపోయినచో సాక్ష్యమే లేదు. చిప్పులోని పరీక్షకుడు వేరుగా నుండువాడు. డిస్కు పూర్తిగా చచ్చినను అతడు లేచి, డిస్కు చచ్చినదని చెప్పగలడు.

బోరు నీరు పోయనపుడు రైతు ఏమి చేయును? మోటారును వెంటనే పైకి లాగడు. కరెంటు మూడు ఫేజులును వచ్చుచున్నవా చూచును, ఫ్యూజు చూచును, స్టార్టరు చూచును. అవన్నియు సరిగా నున్న పిమ్మటనే కప్పీ కట్టును. కంప్యూటరునకును వరుస ఇదియే. బొత్తాము నొక్కినను దీపము లేదు, ఫ్యాను చప్పుడు లేదు అనునపుడు మదరుబోర్డు మాట తలచవలదు. గోడ ప్లగ్గులో బల్బుగాని, సెల్‌ఫోను ఛార్జరుగాని పెట్టి చూడవలెను. యు.పి.యస్. ద్వారా కాక నేరుగా గోడ ప్లగ్గునకు తగిలించి చూడవలెను. బ్యాటరీ ముసలిదైన యు.పి.యస్. దీపము చూపుచునే కరెంటు ఇయ్యకుండుట మేము పలుమార్లు చూచితిమి. తీగను మార్చి చూడవలెను. ఎలుకలు తిరుగు గోదాము ప్రక్క గదిలో కార్యాలయమున్న సంఘములు తీగను మొదటినుండి చివరివరకు చేతితో తడిమి చూచుట మంచిది, అదియు ప్లగ్గు ఊడదీసిన పిమ్మటనే.

తీగవరకు కరెంటు వచ్చియు యంత్రము పలుకకున్నచో ఎస్.ఎం.పి.ఎస్. అను కరెంటు పెట్టెను అనుమానింపవలెను. డెల్ వారి ఆప్టిప్లెక్సు నమూనాలు కొన్నిటిలో ఈ పెట్టె వెనుకభాగమున ఒక చిన్న దీపమును, దాని ప్రక్కన పరీక్షించు బొత్తామును ఉండును. తీగ తగిలించి ఆ బొత్తాము నొక్కినపుడు ఆకుపచ్చ దీపము వెలిగినచో పెట్టె బ్రతికి యున్నది. వెలుగనిచో లోపలి భాగములకు పోవు తీగలను విప్పి మరల నొక్కవలెను. అపుడు వెలిగినచో పెట్టె మంచిదే, లోపలి భాగమేదో కరెంటును దిగలాగుచున్నది. అపుడును వెలుగనిచో పెట్టెయే పోయినది. ఇంతటి తేటయైన తీర్పు పట్నములో మూల్యమిచ్చినను దొరకదు. ఆ ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రము ఎవ్వరును విప్పరాదు. తీగ ఊడదీసిన తరువాత కూడ దానిలో కరెంటు నిలువయుండి ప్రాణము తీయగలదు.

దీపము వెలిగి, ఫ్యాను తిరిగి, తెర మాత్రము రానపుడు మా కార్యాలయమునకు వచ్చిన అవస్థ. తెర లేనపుడు యంత్రము వ్రాసి చెప్పలేదు కనుక కూతలతోను, దీపముతోను చెప్పును. ఈ సంకేతములు తయారీదారునిబట్టి, నమూనానుబట్టి మారును. ఒకరి లెక్క మరొకరికి పనికిరాదు. ఉదాహరణకు డెల్ వారి ఆప్టిప్లెక్సులలో అనేక నమూనాలయందు బొత్తాము దీపము మొదట నారింజ రంగున కొన్నిసార్లు, చిన్న విరామము తరువాత తెలుపు రంగున కొన్నిసార్లు మినుకుమని, మరల మొదటినుండి ఆరంభించును. నారింజ రెండు, తెలుపు ఒకటి యైనచో ప్రాసెసరు దోషము. నారింజ రెండు, తెలుపు మూడు యైనచో మెమరీ కనబడుట లేదు. నారింజ రెండు, తెలుపు నాలుగు యైనచో మెమరీ ఉన్నది గాని చెడినది. నారింజ మూడు, తెలుపు ఒకటి యైనచో గడియారపు బ్యాటరీ చెడినది. హెచ్.పి. వారి కార్యాలయ యంత్రములలో ఎరుపు మినుకులు, పిమ్మట తెలుపు మినుకులు, వాటితోడనే దీర్ఘమైనవి, హ్రస్వమైనవి కూతలు వినబడును. మనము చేయవలసిన పని ఒక్కటే. తొందరపడి బొత్తాము మరల మరల నొక్కక, ఆ వరుసను మూడుమార్లు పూర్తిగా వినియు, చూచియు లెక్కను కాగితముమీద వేయవలెను. సెల్‌ఫోనుతో చలనచిత్రము తీసికొనినచో ఇంకను మేలు. ఆ నమూనా పేరుతో తయారీదారులు ప్రకటించిన పుస్తకములో ఆ లెక్కకు అర్థము దొరకును.

తెర వచ్చి, పని నడుమ ఆగిపోవుట, తనంతట తాను ఆరి వెలుగుట, నీలి తెర వచ్చుట, విండోసు సగము లేచి నిలిచిపోవుట వంటి జబ్బులు వేరు. వీనికి చిప్పులోని పూర్తి పరీక్షను పిలువవలెను. డెల్ యంత్రములలో బొత్తాము నొక్కిన వెంటనే, తయారీదారుని పేరు తెరపై కనబడుచుండగా, ఎఫ్12 మీటను పలుమార్లు తట్టినచో ఒక పట్టిక వచ్చును. అందులో డయాగ్నస్టిక్స్ అను వరుసను ఎన్నుకొనవలెను. హెచ్.పి. యంత్రములలో అదే సమయమున ఎఫ్2 మీట. లెనోవో వారి కొన్ని నమూనాలలో ఎఫ్10. మీటను ఒక్కమారు నొక్కి ఊరకుండిన లాభము లేదు. విండోసు గుర్తు కనబడినచో సమయము మించినదని తెలిసికొని, మరల ఆర్పి వెలిగింపవలెను. హెచ్.పి. వారి విషయమున ఒక సూక్ష్మము గలదు. పరీక్షల సంపూర్ణ భాగము అనేక యంత్రములలో డిస్కునందలి ఒక ప్రత్యేక గదిలో నుండును. డిస్కు పోయినచో చిప్పులోని సంక్షిప్త భాగము మాత్రమే మిగులును. పూర్తి భాగమును పెన్‌డ్రైవులో ముందుగానే ఎక్కించుకొనుట ఆ తయారీదారులే కల్పించిన సదుపాయము. ఊరిలో కూర్చినట్టి, పేరులేని యంత్రములలో ఇట్టి పరీక్షలు సాధారణముగా నుండవు. కూతలు, ఉష్ణోగ్రత చూపు పట్టిక మాత్రమే యుండును.

పరీక్ష రెండు విధములు. త్వరిత పరీక్ష కొద్ది నిమిషములలో ముగియును. అన్ని భాగములను ఒకమారు తట్టి చూచును. దీర్ఘ పరీక్ష, విశేషించి మెమరీకి సంబంధించినది, గంటలు పట్టవచ్చును. సాయంకాలము కార్యాలయము మూయువేళ ఆరంభించి రాత్రి నడువనిచ్చుట యుక్తము, కరెంటు నిలుకడగా నుండు ఊరైనచో. దోషము తేలినపుడు తెరపై ఒక సంకేత సంఖ్య వచ్చును. డెల్ వారిది 2000-0142 వంటి రూపమున నుండును, దానితో మరియొక నిర్ధారణ సంఖ్య, హెచ్.పి. వారిది 24 అక్షరముల సంఖ్య. దీనిని చేతితో వ్రాయుటలో తప్పు దొర్లును గనుక ఫోటో తీయవలెను. వారంటీలో నున్న యంత్రమైనచో ఈ సంఖ్యయే మన దావాకు పత్రము. అది చూపినపుడు వారి ప్రతినిధులు, విండోసు మరల ఎక్కించి చూడుడు, రేపు పిలువుడు అను కాలహరణము చాలవరకు మాని, ఏ భాగము పంపవలెనో దానినే పంపుదురు.

మెమరీలో దోషమని తేలినపుడు పలక చెడినదా, అది కూర్చుండు గాడి చెడినదా అని విడదీయవలెను. విత్తనము మొలవనపుడు అదే విత్తనమును వేరొక మడిలో చల్లి చూచినట్లు, రెండు పలకలున్న యంత్రములో ఒక్కదానినే యుంచి పరీక్షించి, పిమ్మట దానినే రెండవ గాడిలో పెట్టి పరీక్షింపవలెను. దోషము పలకను వెంబడించినచో పలక చెడ్డది. గాడియందే నిలిచినచో మదరుబోర్డు చెడ్డది. మొదటిదానికి వ్యయము స్వల్పము, రెండవదానికి అధికము. కాబట్టి ఈ అరగంట శ్రమ తప్పించుకొనరాదు. పెట్టె తెరచుటకు ముందు ప్లగ్గు ఊడదీసి, బొత్తామును కొన్ని క్షణములు నొక్కిపట్టి నిలువయున్న కరెంటును పోనిచ్చి, పెట్టె లోహపు అంచును చేతితో తాకవలెను. మన ఒంటిలోని స్థిర విద్యుత్తు మనకు తెలియకుండనే చిప్పులను చంపును. పలక అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడిని దులిపి, కొనలయందలి చిన్న గొళ్ళెము టక్కుమని పడువరకు నొక్కవలెను. వారంటీ ముద్రయున్న పెట్టెను మాత్రము తెరువక సంకేత సంఖ్యతో ఫిర్యాదు చేయుటయే మేలు.

ఇపుడు డిస్కు సంగతి. ఇతర భాగములు పోయినచో ధనము పోవును. డిస్కు పోయినచో లెక్కలు పోవును. జాతీయ పథకములో చేరిన సంఘముల ముఖ్యమైన లెక్కలు దూరముననున్న ఉమ్మడి నిలువలో భద్రముగా నుండును గాని, సభ్యుల పాసుపుస్తకముల ప్రతులు, పాత బాకీల పట్టికలు, మహాజన సభల తీర్మానములు, ఉత్తర ప్రత్యుత్తరములు సాధారణముగా బల్లమీది డిస్కులోనే పడియుండును. డిస్కు తనలో తానొక దినచర్య వ్రాసికొనును. చదువరాని చోటు తారసపడినపుడు దానిని విడిచి, ముందుగా విడిగా నుంచుకొనిన మంచి చోటును దానికి బదులు వాడుకొనును. పోయిన దుబ్బుల స్థానమున నాటుటకు రైతు కొంత నారును మిగుల్చుకొనునట్లే. మిగిల్చిన నారు తరుగుచున్న కొలది ప్రమాదము దగ్గరపడుచున్నదని అర్థము. చిప్పులోని పరీక్షకుడు ఈ దినచర్యను చదివి, డిస్కుచే స్వీయపరీక్ష కూడ చేయించి, తీర్పు చెప్పును. పైని పేర్కొన్న 2000-0142 అనునది డెల్ యంత్రములలో డిస్కు తన స్వీయపరీక్షలో తప్పినదను సంకేతమే.

ఈ సంకేతము కనబడిన క్షణమున చేయవలసినది ఒకటి, చేయరానిది ఒకటి గలదు. చేయవలసినది: విండోసు ఇంకను లేచుచున్నచో మిగిలిన పనులన్నియు ఆపి, ముఖ్యమైన కాగితములను వేరొక డిస్కులోనికి ముందుగా నకలు తీయుట. చేయరానిది: నిర్ధారణ కొరకని దీర్ఘ పరీక్షను మరల మరల నడుపుట. కుంటుచున్న ఎద్దును ఎంత కుంటుచున్నదో చూచుటకు పది మైళ్ళు నడిపించుట యెట్టిదో, చావనున్న డిస్కును రాత్రియంతయు చదివించుట యట్టిది. తిరుగు పళ్ళెముల డిస్కు టక్కు టక్కుమని చప్పుడు చేసి కొంత ముందుగా హెచ్చరించును. ఇపుడు వచ్చుచున్న ఎస్.ఎస్.డి. అను డిస్కులలో తిరుగునది ఏదియు లేదు కనుక చప్పుడు లేదు, కొన్ని వేళల ఏ హెచ్చరికయు లేకయే పోవును. కావున నకలు తీయు పని సంకేతము కొరకు వేచియుండరాదు. వారమున కొకమారు తీసి, ఆ నకలును వేరొక గదిలోనో, వేరొక ఇంటనో ఉంచుట మా సంఘము ఇపుడు పాటించుచున్న నియమము. మార్చిన పాత డిస్కును మరమ్మతు చేయువారికి విడిచిపెట్టరాదు. అందులో సభ్యుల ఆధారు ప్రతులును, భూమి వివరములును ఉండును.

గడియారపు బ్యాటరీ విషయము చిన్నదే యైనను, దానివలన కలుగు తికమక పెద్దది. మదరుబోర్డుమీద రూపాయి బిళ్ళ వంటి బ్యాటరీ యొకటి యుండును, సి.ఆర్. 2032 అని దానిపై వ్రాసియుండును. ఆ అంకెలలోని 20 దాని అడ్డుకొలత మిల్లీమీటర్లలో, 32 దాని మందము మిల్లీమీటరులో పదవ వంతులలో; బలము 3 వోల్టులు. యంత్రమునకు కరెంటు లేనపుడు గడియారము నడచుట దీనివలననే. రాత్రులందు మెయిను ఆపివేయు కార్యాలయములలో ఇది కొన్ని సంవత్సరములకు నీరసించును. అపుడు ఉదయమున యంత్రము లేచి, తేదీ ఎన్నియో ఏండ్ల వెనుకకు పోయినదని యెరుగక పనికి దిగును. ప్రభుత్వ వెబ్‌సైటులు, బ్యాంకు వెబ్‌సైటులు తమ గుర్తింపు పత్రములను చూపునపుడు వాని గడువును యంత్రము తన తేదీతో సరిపోల్చును. తేదీ తప్పినచో పత్రము చెల్లదని తలుపు మూయును. మనవారు ఇంటర్నెట్టు చెడినదనియు, సర్వరు పనిచేయుటలేదనియు దినములు పోగొట్టుకొందురు. తెరమూలనున్న తేదీని చూచుట, పిమ్మట ఫర్మువేరు పట్టికలోని గడియారమును చూచుట చాలును. బ్యాటరీ వెల ఒక కప్పు కాఫీకిని రెండు కప్పుల కాఫీకిని నడుమ నుండును.

వేడి సంగతి క్లుప్తముగా చెప్పెదము. బియ్యపు మిల్లు ప్రక్కననో, ఎరువుల గోదాములోనో నున్న కార్యాలయములో ధూళి ఫ్యాను రెక్కలను పట్టుకొనును. ప్రాసెసరు కాగినపుడు తన్ను తాను రక్షించుకొనుటకై యంత్రమును ఆర్పివేయును. మధ్యాహ్నము రెండు గంటలకు ఆరి, ఉదయమున బాగుండు యంత్రమునకు ఈ జబ్బు. ఫ్యాను తిరుగుచున్నదో లేదో పరీక్షకుడు చెప్పును. ధూళి తుడుచుట మన పని.

ఈ పరీక్షల హద్దులను కూడ చెప్పకున్న మేము సగము సత్యము చెప్పినవారమగుదుము. అన్నియు బాగున్నవని తెరపై వచ్చినంతమాత్రమున యంత్రము నిర్దోషి కాదు. వేడెక్కిన తరువాత మాత్రమే తప్పు చేయు మెమరీ, ఓల్టేజి పడినపుడు మాత్రమే తడబడు ఎస్.ఎం.పి.ఎస్., చల్లని ఉదయపు ఐదు నిమిషముల పరీక్షలో దొరకవు. ప్రింటరు, ఇంటర్నెట్టు పెట్టె, వేలిముద్ర యంత్రము ఇందులో చేరవు. వైరసు సంగతి ఇది యెరుగదు. దీర్ఘ పరీక్ష కూడ నెగ్గిన యంత్రము ఇంకను నిలిచిపోవుచున్నచో అపుడు విండోసును అనుమానింపవలెను, ముందుగా కాదు. అట్లే, మదరుబోర్డు దోషమని సంకేతము వచ్చినను, విడదీయదగిన భాగములన్నిటిని తీసి మరల చూచిన తరువాతనే నమ్మవలెను. ప్రక్కభాగపు తప్పు బోర్డుమీద పడుట గలదు.

పరీక్షకొరకు తెరచిన పట్టికలో పరీక్షలు కానివి కూడ ఉండును. డిస్కులోని సమస్తమును తుడిచివేయు ఏర్పాటు కొన్ని యంత్రముల ఫర్మువేరులోనే గలదు. డేటా వైప్ అనియో, సెక్యూర్ ఎరేజ్ అనియో దాని పేరు. దాని జోలికి పోరాదు. తెలియని అమరికలను మార్చరాదు. డిస్కు బిట్‌లాకరు తాళముతో నున్నచో, లేచు పద్ధతికి సంబంధించిన అమరికలను మార్చిన పిమ్మట విండోసు 48 అంకెల తాళపు సంఖ్యను అడుగవచ్చును. ఆ సంఖ్య యెక్కడ వ్రాసి యుంచిరో ముందుగానే కార్యదర్శిని అడిగి తెలిసికొనుట అధ్యక్షుని విధి. ఫర్మువేరునకు సంకేతపదము పెట్టినచో అది ఒక్కరి జ్ఞాపకములో గాక, మూసిన కవరులో సంఘపు ఇనుప పెట్టెలో నుండవలెను. కార్యదర్శి బదిలీయై పోయి, ఆయనతోపాటు సంకేతపదమును పోయిన కథలు వినియున్నాము.

ఇదే పట్టిక వలన మరియొక ప్రయోజనము గలదు. ఫర్మువేరు మొదటి తెరపై ప్రాసెసరు పేరు, మెమరీ పరిమాణము, డిస్కు పరిమాణము, యంత్రపు గుర్తు సంఖ్య కనబడును. డెల్ వారిదైనచో ఏడు అక్షరముల సర్వీసు ట్యాగు. యంత్రమును మరమ్మతునకు పంపుటకు ముందు ఈ తెరను ఫోటో తీసి, తిరిగి వచ్చిన దినముననే మరల తీసి, రెండిటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఎనిమిది జి.బి. మెమరీతో పోయిన యంత్రము నాలుగు జి.బి.తో తిరిగి వచ్చినచో పలక యొకటి వదులుగా నున్నదో, లేక త్రోవలో దిగినదో విచారింపవచ్చును. పశువును సంతకు తోలునపుడు మచ్చలు గుర్తుపెట్టుకొనని రైతు ఉండడు.

మా సంఘము ఆ జూలై తీర్మానమును తరువాతి సమావేశమున రద్దు చేసినది. కంప్యూటరు ప్రక్కన ఇపుడొక రెండు వందల పేజీల నోటుపుస్తకము త్రాడుతో కట్టియున్నది. మొదటి పేజీలో యంత్రపు నమూనా, గుర్తు సంఖ్య, కొనిన తేదీ, వారంటీ ముగియు తేదీ, పరీక్షను పిలుచు మీట పేరు వ్రాసితిమి. తరువాతి పేజీలలో తేదీ, జబ్బు, మినుకుల లెక్క లేక సంకేత సంఖ్య, చేసిన పని, అయిన ఖర్చు అను గళ్ళు గలవు. ప్రతి మాసము మొదటి సోమవారమున గుమాస్తా త్వరిత పరీక్ష నడిపి ఫలితమును అందులో వ్రాయుచున్నాడు. పుస్తకమును సభ్యులెవరైనను కార్యాలయపు వేళలందు చూడవచ్చును; చదువుకొనిన పిల్లలను వెంట తెచ్చినచో గుమాస్తా వారికి పరీక్షను చేసి చూపును.